ఒక్క వాక్యం కోసం ఆరు నెలలు

ఇంట్లోని వై-ఫై రూటర్ పెట్టె మీద 802.11 అనే సంఖ్య కనిపిస్తుంది. ఐట్రిపుల్‌ఈ అనే ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థలో 1980లో మొదలైన 802 కమిటీ కింద, వైర్‌లెస్ నెట్‌వర్కుల కోసం 1990లో ఏర్పడిన పదకొండవ వర్కింగ్ గ్రూప్ పేరు అది. ఆ గ్రూప్ తొలి ప్రమాణం (స్టాండర్డ్) 1997లో వెలువడింది. ఆ తరువాత వచ్చిన పెద్ద మార్పుల్లో చాలావరకు ముందుగా ఒక స్టడీ గ్రూప్‌లో చర్చకు వచ్చినవే. కాలిఫోర్నియాలో చిప్‌ల డిజైన్ ఉద్యోగం చేస్తూ నేను అలాంటి ఒక స్టడీ గ్రూప్‌కు మొదట సెక్రటరీగా, తరువాత చైర్‌గా పనిచేశాను. ప్రమాణాల రంగంలో మన ఇంజనీర్లు చాలామందే ఉన్నా, ఆ గదుల్లో నిజంగా ఏం జరుగుతుందో తెలుగులో చెప్పుకున్నది తక్కువ. అందుకే కొంత వివరంగా రాస్తున్నాను.

స్టడీ గ్రూప్ ప్రమాణాన్ని రాయదు. ప్రమాణం రాయవలసిన అవసరం ఉందా, ఉంటే అది దేన్ని సాధించాలి అన్నది మాత్రమే తేలుస్తుంది. దాని నుంచి రెండు పత్రాలు బయటికి రావాలి. మొదటిది ప్రాజెక్టుకు అనుమతి కోరే పత్రం. దాన్ని అందరం పార్ అంటాం. రెండవది ఆ ప్రాజెక్టుకు మార్కెట్ ఉందా, పాత ప్రమాణాలతో పొసగుతుందా, ఇదివరకు ఎవరూ చేయనిదేనా, సాంకేతికంగా సాధ్యమేనా, ఖర్చుకు తగిన ఫలితం ఉంటుందా అన్న ప్రశ్నలకు సమాధానాలిచ్చే పత్రం. గ్రూప్‌కు ఇచ్చే గడువు సాధారణంగా ఆరు నెలలు. చాలకపోతే పైకమిటీని, అంటే 802 కార్యనిర్వాహక కమిటీని, అడిగి పొడిగించుకోవాలి. ఈ సమయంలో ఎక్కువ భాగం పార్‌లో స్కోప్ (ప్రాజెక్టు పరిధి) అనే ఒక్క పేరాకే, తరచుగా అందులోని ఒక్క వాక్యానికే ఖర్చవుతుంది. బయటివారికి ఇది వింతగా తోచవచ్చు కానీ, నా దృష్టిలో మొత్తం ప్రక్రియలో ఇంతకన్నా విలువైన పని లేదు.

పాత స్కోప్ వాక్యాలను వరుసగా పెట్టి చదివితే ఆ విలువ తెలుస్తుంది. 2002, 2003లలో పనిచేసిన స్టడీ గ్రూప్ 802.11ఎన్ (చివరి అక్షరాలు ఒక్కో సవరణకు పెట్టే పేరు) కోసం సెకనుకు కనీసం 100 మెగాబిట్ల వేగాన్ని కోరింది. అది కూడా గాలిలో ప్రసారమయ్యే ముడి వేగం కాదు, డేటాను వాడుకునే పైపొరకు నిజంగా చేరే వేగం. 2013లో మొదలైన స్టడీ గ్రూప్ 802.11ఏఎక్స్ కోసం గరిష్ఠ వేగం మాటే వదిలేసి, రద్దీగా ఉండే చోట ఒక్కో పరికరానికి సగటున అందే వేగం కనీసం నాలుగు రెట్లు కావాలంది. స్టేడియంలోనో రైల్వే స్టేషన్‌లోనో వందలమంది ఒకేసారి ఫోన్లు తీసినప్పుడు పెట్టె మీద రాసిన గరిష్ఠ వేగం ఎవరికీ పనికిరాదని గుర్తించి వేసిన అడుగు అది. 802.11బీఈ మళ్ళీ గరిష్ఠ వేగానికి వెళ్ళి సెకనుకు కనీసం 30 గిగాబిట్లని పెట్టుకుంది. 2022లో మొదలైన స్టడీ గ్రూప్ నుంచి వచ్చిన 802.11బీఎన్ అయితే విశ్వసనీయత వైపు తిరిగింది. నూటికి 95 ప్యాకెట్లు (డేటా ముక్కలు) ఎంత ఆలస్యం లోపల చేరుతున్నాయో ఆ హద్దును 25 శాతం తగ్గించడం, ఒక యాక్సెస్ పాయింట్ (రూటర్ లాగా వై-ఫై అందించే పరికరం) నుంచి మరొకదానికి మారేటప్పుడు పోయే ప్యాకెట్లను 25 శాతం తగ్గించడం దాని లక్ష్యాల్లో ఉన్నాయి. ఒక్కో వాక్యం వేలమంది ఇంజనీర్ల తరువాతి కొన్నేళ్ళ శ్రమను ఎటు నడిపించాలో నిర్ణయించింది.

వాక్యంలో ఏం చేర్చకూడదన్నదీ అంతే ముఖ్యం. 802.11బీఎన్ చర్చల్లో మిల్లీమీటర్ తరంగాలను (చాలా ఎక్కువ పౌనఃపున్యాల రేడియో తరంగాలను) కూడా కలపాలన్న వాదన బలంగానే సాగింది. చివరికి ఆ ప్రాజెక్టు 7.25 గిగాహెర్ట్జ్ లోపలే ఉండిపోయింది. 42 నుంచి 71 గిగాహెర్ట్జ్ మధ్య పనికి వేరే స్టడీ గ్రూప్ ఏర్పడి, అది 802.11బీక్యూగా మారింది. రెండింటినీ ఒకే పార్‌లో కుక్కి ఉంటే ఒకదాని చిక్కులు రెండవదానికి కూడా చుట్టుకునేవి. విడదీయడమే సరైన నిర్ణయమని నేను నమ్ముతాను.

ఇక సమావేశం సంగతి. ఏడాదిలో మార్చి, జూలై, నవంబరు నెలల్లో ప్లీనరీలు (802 గ్రూపులన్నీ కలిసే ప్రధాన సమావేశాలు), వాటి మధ్య జనవరి, మే, సెప్టెంబరులలో ఇంటరిమ్‌లు జరుగుతాయి. రోజును ఉదయం 8 గంటల నుంచి రెండేసి గంటల స్లాట్లుగా విభజిస్తారు; ఒక స్టడీ గ్రూప్‌కు వారం మొత్తంలో దొరికేవి కొన్ని స్లాట్లే. మొదట నియమాల స్లైడ్లు చూపించాలి. పోటీ కంపెనీల వారు ఒకే గదిలో కూర్చున్నారు కనుక ధరలు, మార్కెట్ వాటాలు, కస్టమర్ల పంపకం వంటివి మాట్లాడకూడదని ప్రతిసారీ చదివి వినిపించాలి. తరువాత అజెండాకు ఆమోదం, గత సమావేశపు మినిట్స్‌కు ఆమోదం, ఆపైన ప్రెజెంటేషన్లు. మాట్లాడే ప్రతివారూ తమ పేరుతోపాటు ఏ సంస్థకు చెందినవారో చెప్పాలి. కానీ ఓటు మాత్రం వ్యక్తిదే. తన అనుభవాన్నిబట్టి వేయాలే తప్ప ఎవరో చెప్పినట్టు వేయకూడదని నియమం.

ఈ నియమం మనవాళ్ళకు ఒక పట్టాన మింగుడు పడదు. హైదరాబాదు నుంచి ఆన్‌లైన్‌లో పాల్గొన్న ఒక తెలుగమ్మాయి, స్ట్రా పోల్‌కు (తీర్మానానికి ముందు మొగ్గు తెలుసుకునే లాంఛనం కాని ఓటుకు) ముందు నాకు విడిగా సందేశం పెట్టింది: "మా మేనేజర్ గారిని అడిగి వేయాలా అండీ?" "వద్దమ్మా, మీకు సరైనదనిపించింది వేయండి. స్టడీ గ్రూప్‌లో హాజరైన ప్రతివారికీ ఓటుంటుంది" అని జవాబిచ్చాను. వర్కింగ్ గ్రూప్ ప్లీనరీలో ఓటు కావాలంటే హాజరు లెక్కలు నిండాలి. స్టడీ గ్రూప్‌లో ఆ షరతు లేదు. కొత్తవారు ఈ రంగంలోకి రావడానికి ఇంతకన్నా మంచి ద్వారం లేదు.

చైర్ స్థానంలో ఉన్నవారు సాంకేతిక విషయాల్లో పక్షం వహించకూడదు. మాట్లాడక తప్పదనిపిస్తే ఆ కాసేపు బాధ్యతను వైస్ చైర్‌కు అప్పగించి, అందరితోపాటు మైకు దగ్గర వరుసలో నిలబడాలి.

ఒక మధ్యాహ్నం మా గ్రూప్‌లో స్కోప్ వాక్యాన్ని తెర మీద పెట్టి అందరి ముందే దిద్దుతున్నాం. కొత్త సవరణ విద్యుత్ వినియోగాన్ని గణనీయంగా తగ్గిస్తుందని అందులో ఉంది. "గణనీయంగా" అన్నదాన్ని ఎవరు ఎలా కొలుస్తారని ఒకరు అడిగారు. శాతం వేయమని మరొకరన్నారు. ఏ శాతమన్నదాని మీద అరగంట గడిచింది. అప్పటిదాకా నోరు విప్పని ఒక కొరియా ఇంజనీరు మైకు దగ్గరికి వచ్చి, చేతిలోని కాగితం చూస్తూ నెమ్మదిగా, ఈ తగ్గింపు యాక్సెస్ పాయింట్‌కా, దానికి కలిసే ఫోనుకా అని అడిగారు. గది ఒక్కసారి సద్దుమణిగింది. సగం మంది ఒకటి, మిగతా సగం మంది మరొకటి మనసులో పెట్టుకుని అంతసేపూ అంకెల మీద వాదించుకున్నారు. నేను ఆయన ప్రశ్నను ఆయన మాటల్లోనే టైపు చేసి తెర మీద పెట్టాను. కింద రెండు ప్రత్యామ్నాయ వాక్యాలను రాసి స్ట్రా పోల్ పెట్టాం. ఫోన్ల వైపు మొగ్గు స్పష్టంగా కనిపించింది. ఆ సాయంత్రానికి ప్రతిపాదకుడు, బలపరిచేవారు ముందుకొచ్చి, తీర్మానం నెగ్గింది.

సాంకేతిక తీర్మానాలు నెగ్గడానికి 75 శాతం కావాలి. తటస్థులను లెక్కలోకి తీసుకోరు. అవునన్నవారు 60, కాదన్నవారు 20 అయితే నెగ్గుతుంది. అవునన్నవారిలో ఒక్కరు తగ్గినా వీగిపోతుంది. అందువల్ల ఓటేసినవారిలో నాలుగో వంతు కన్నా కాస్త ఎక్కువమంది పట్టుబడితే పెద్ద సమూహాన్ని కూడా ఆపగలరు. కొందరు దీన్ని అడ్డంకిగా చూస్తారు. నా అభిప్రాయం వేరు: మూడొంతుల మంది ఒప్పుకోని వాక్యం మీద కట్టిన ప్రమాణాన్ని ఆ తరువాత ఎవరూ శ్రద్ధగా అమలు చేయరు.

ఆ కొరియా ఇంజనీరు కాగితం మీద రాసుకొచ్చి చదవడం నాకు బాగా తెలిసిన పనే. తెలుగు మీడియంలో పది చదివి వచ్చినవాడిని. అమెరికా వచ్చిన కొత్తలో నేనూ ప్రశ్నను ముందు నోట్‌బుక్‌లో రాసుకుని, చెయ్యెత్తేలోపు చర్చ వేరే చోటికి పోవడం చూసినవాడిని. అందుకే చైర్‌గా కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. ఏ మార్పునైనా నోటిమాటగా వదలకుండా తెర మీద అక్షరాల్లో చూపించడం, పోల్ పెట్టే ముందు చదువుకోవడానికి వ్యవధి ఇవ్వడం, చాట్‌లో వచ్చిన ప్రశ్నను మైకు దగ్గర వరుసలో నిలబడ్డవారితో సమానంగా పిలవడం. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు వేగంగా వాదించి గెలిచే గదిలో పుట్టిన వాక్యం, మరునాడు చదువుకున్నవారి అభ్యంతరాలతో తిరిగి తెరుచుకుంటుంది.

అజెండా వేయడంలో గడియారాల లెక్క కూడా ఉంటుంది. వేసవిలో కాలిఫోర్నియాలో సమావేశమైతే ఉదయం 8 గంటల స్లాట్ భారతదేశంలో రాత్రి 8:30, సియోల్‌లో అర్ధరాత్రి. సాయంత్రం 4 గంటల స్లాట్ సియోల్, టోక్యోలలో మరునాటి ఉదయం 8. మనవాళ్ళకు తెల్లవారుజామున 4:30. కనుక భారత్ నుంచి చూపించేవారిని ఉదయానికి, కొరియా, జపాన్‌ల వారిని సాయంత్రానికి వేసేవాడిని. అదే సమావేశం బెర్లిన్‌లో అయితే లెక్కంతా మారుతుంది.

వీసాల బాధ చాలాకాలంగా ఉన్నది. వర్కింగ్ గ్రూప్‌లో ఓటు నిలవాలంటే గత నాలుగు ప్లీనరీల్లో రెండింటికి హాజరై ఉండాలి. ఒక ప్లీనరీకి బదులు ఒక ఇంటరిమ్ చెల్లుతుంది. భారత పాస్‌పోర్టుతో హెచ్1బీ మీద ఉన్నవారు ఐరోపాలో జరిగే ప్లీనరీకి షెంగెన్ వీసా తెచ్చుకోవాలి; తిరిగి రావడానికి పాస్‌పోర్టులో అమెరికా స్టాంపింగ్ గడువు ఉందో లేదో చూసుకోవాలి. గ్రీన్‌కార్డు వస్తే కెనడాకు వీసా అక్కరలేదు కానీ, షెంగెన్‌కు మాత్రం తప్పదు. ఆహ్వాన పత్రం చేతికొచ్చినా అపాయింట్‌మెంట్ దొరకక ఆగిపోయినవారు నాకు తెలుసు. కోవిడ్ కాలంలో ఆన్‌లైన్‌కు మారిన సమావేశాలు, 2022 నుంచి ప్రత్యక్షంగానూ దూరం నుంచీ కలిసి జరిగే పద్ధతికి రావడం ఇలాంటివారికి పెద్ద ఊరట. ఈ వెసులుబాటును ఖర్చు పేరుతో తీసేయాలన్న మాట వచ్చినప్పుడల్లా నేను వ్యతిరేకిస్తూనే ఉన్నాను.

గ్రూప్‌లో నెగ్గిన పార్ ప్లీనరీకి 30 రోజుల ముందే పైకమిటీకి చేరాలి. ఇతర వర్కింగ్ గ్రూపులు మంగళవారం సాయంత్రంలోగా వ్యాఖ్యలు పంపుతాయి. బుధవారం సాయంత్రానికి జవాబులు సిద్ధం కావాలి. 6 గిగాహెర్ట్జ్ పరిసరాల్లో పనిచేసే ఇతర రేడియోల వారి నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న, మీ సంకేతాలు మా పక్కన ఎలా ఇముడుతాయన్నది. ఆ ఒక్క రోజూ చైర్, సెక్రటరీ, మరి కొందరు మిగతా సమావేశాలు మానుకుని జవాబులు రాస్తారు. శుక్రవారం పైకమిటీ ఒప్పుకుంటే పత్రం ప్రమాణాల బోర్డుకు వెళుతుంది. అక్కడ ఆమోదం రాగానే ప్రమాణాన్ని రాసే టాస్క్ గ్రూప్ మొదలవుతుంది, స్టడీ గ్రూప్ రద్దవుతుంది. టాస్క్ గ్రూప్‌కు చైర్‌ను మళ్ళీ కొత్తగా ఎన్నుకుంటారు.

నేను ఆ ఎన్నికలో నిలబడలేదు. ఇప్పుడు డ్రాఫ్ట్ మీద వచ్చే వ్యాఖ్యలను పరిష్కరించే పనిలో ఉన్నాను. 2006లో 802.11ఎన్ తొలి డ్రాఫ్ట్ మీద దాదాపు 12 వేల వ్యాఖ్యలు వచ్చాయి. ఆ ప్రమాణం పూర్తికావడానికి 2009 దాకా పట్టింది. మా డ్రాఫ్ట్ మీద వ్యాఖ్యల్లో విద్యుత్ వినియోగం ఎవరిదన్న ప్రశ్న ఇంతవరకు ఒక్కటీ రాలేదు.