సంగ్‌జిన్ చో: వార్సా గెలుపు తర్వాత నిలబెట్టినదేమిటి?

దక్షిణ కొరియా పియానిస్టు సంగ్‌జిన్ చో పేరు చెప్పగానే చాలామందికి 2015 అక్టోబరులో పోలండ్ రాజధాని వార్సాలో గెలిచిన షోపాన్ పోటీ (స్వరకర్త షోపాన్ పేరిట జరిగే అంతర్జాతీయ పియానో పోటీ) గుర్తొస్తుంది. ఆ పోటీ గెలిచిన తొలి కొరియన్ అతనే. కానీ ఆ పోటీ ఐదేళ్లకోసారి జరుగుతూనే ఉంటుంది. 2021లో బ్రూస్ లియూ గెలిచాడు (కరోనా వల్ల ఏడాది ఆలస్యమైంది). 2025లో ఎరిక్ లూ గెలిచాడు, ఇతను 2015లో చోతో పాటు పోటీపడి నాలుగో స్థానంలో ఆగినవాడు. కొత్త విజేత వచ్చాక కూడా పాత విజేతకు పిలుపులు తగ్గకపోతే దానికి కారణం పతకం కాదు. ఏ క్షణంలో అడిగినా వాయించడానికి సిద్ధంగా ఉన్న రచనలు, తొందరపడకుండా చేసుకున్న ఎంపికలు. చో కెరీర్‌లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఇదే.

చో 1994 మే 28న సియోల్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు సంగీతకారులు కారు. ఆరేళ్లకు పియానో మొదలుపెట్టాడు, చిన్నప్పుడు వయొలిన్ కూడా నేర్చుకున్నాడు. యేవన్ స్కూల్, సియోల్ ఆర్ట్స్ హైస్కూల్‌లో చదివాడు. 2008లో మాస్కోలో యువ పియానిస్టుల షోపాన్ పోటీ, 2009లో జపాన్‌లోని హమామత్సు పోటీ గెలిచాడు. హమామత్సు నాటికి వయసు పదిహేనే. 2011లో చైకోవ్‌స్కీ పోటీలో మూడో స్థానం. 2012లో పారిస్ కన్సర్వేటరీలో ఫ్రెంచ్ పియానిస్టు మిషెల్ బెరోఫ్ దగ్గర చేరాడు. 2014లో టెల్ అవీవ్‌లో రూబిన్‌స్టైన్ పోటీలో మళ్లీ మూడో స్థానమే. వార్సాకు ముందు ఇన్ని పోటీలు ఎందుకని అడగొచ్చు. పోటీ వేదిక మీద చేతులు వణకకుండా వాయించడం గదిలో సాధన చేస్తే రాదు, పోటీల్లోనే వస్తుంది.

కొరియా అబ్బాయిలకు ఇంకో లెక్క కూడా ఉంటుంది. అక్కడ మగవాళ్లకు సైనిక సేవ తప్పనిసరి, పదాతి దళంలో అయితే 18 నెలలు. వేళ్లు పదును తేలే వయసులో అంతకాలం పియానోకు దూరమైతే నష్టం పెద్దది. ప్రభుత్వం గుర్తించిన అంతర్జాతీయ పోటీల్లో మొదటి రెండు స్థానాల్లో ఒకటి వస్తే కళారంగ సేవ కింద మినహాయింపు దొరుకుతుంది: కొద్దివారాల ప్రాథమిక శిక్షణ, తర్వాత 34 నెలలు తన రంగంలోనే కొనసాగుతూ 544 గంటల ప్రజాసేవ. కొరియా నుంచి ఇంతమంది కుర్రాళ్లు పోటీలకు వెళ్లడం వెనక ఈ నిబంధన కూడా ఉంది.

ఇక వార్సా. 2015లో తొలి రౌండ్‌లో 78 మంది వాయించారు. రెండో రౌండ్‌కు 43, మూడో రౌండ్‌కు 20, ఫైనల్‌కు పదిమంది. మూడు రౌండ్లు ఒంటరిగా, ఫైనల్ ఆర్కెస్ట్రాతో. అంతా షోపానే, అంతా కంఠతా. మూడో రౌండ్‌లో చో షోపాన్ 24 ప్రెల్యూడ్‌లు (చిన్న చిన్న పియానో రచనలు, ఓపస్ 28) పూర్తిగా వాయించాడు. వాటిని పోటీకి ఎంచుకోవడం తెగింపే.

అన్నీ కలిపి దాదాపు నలభై నిమిషాలు. కొన్ని అర నిమిషంలో అయిపోతాయి. ఏడోది మొత్తం పదహారు బార్‌లే (బార్ అంటే తాళం ఆవర్తనం లాంటి కొలత). ఇవి దెబ్బతినేది ఎక్కువగా మధ్యలో వచ్చే ఖాళీల దగ్గర. ఒక్కోటి ముగిశాక చేతులు దించి, ఊపిరి తీసుకుని తర్వాతది మొదలుపెడితే 24 చిన్న ముక్కలు మిగులుతాయి, ఒక్క రచన వినపడదు. పదిహేనోది నెమ్మదిగా ముగుస్తుంది, పదహారోది నిమిషం పాటు కుడిచేతిని ఆపకుండా పరుగెత్తిస్తుంది, ఎడమచెయ్యి అటూ ఇటూ దూకుతూ ఉంటుంది. అక్కడ ముంజేయి బిగుసుకుంటే వెంటనే వచ్చే పదిహేడోదానిలో పాడాల్సిన స్వరం గట్టిపడిపోతుంది. చో వీడియోలో చూడాల్సింది అదే చోటు: పదహారు అయ్యీ కాగానే భుజాలు వదిలేస్తాడు, పదిహేడు అప్పటికే మొదలై ఉంటుంది. చివరిదానిలో కింది 'డి' స్వరం మూడుసార్లు ఒంటరిగా మోగేదాకా ఆ గొలుసు తెగదు.

ఫైనల్‌లో షోపాన్ ఇ మైనర్ కాన్చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) వాయించాడు. పోటీ తర్వాత న్యాయనిర్ణేతల మార్కులన్నీ బయటపెట్టారు. ఫైనల్‌లో పదికి మార్కులు వేస్తే ఫ్రెంచ్ పియానిస్టు ఫిలిప్ ఆంట్రెమాఁ చోకు ఒక్క మార్కు ఇచ్చాడు. ఒకరు ఒకటి వేశాక కూడా మొదటి స్థానంలో నిలిచాడంటే మిగతావాళ్లు ఎంత పైన వేశారో ఊహించుకోవచ్చు. మార్కులు బయటపెట్టడం మంచి పద్ధతి, అన్ని పోటీలూ ఇలాగే చేయాలి.

తర్వాత రికార్డింగ్ సంస్థ డాయిష్ గ్రామఫోన్‌తో ఒప్పందం కుదిరింది. షోపాన్ విజేతకు సులువైన దారి షోపాన్ మీద షోపాన్ రికార్డు చేసుకుంటూ పోవడం. చో 2016లో షోపాన్ ఒకటో కాన్చెర్టో, బలాడ్‌లు ఇచ్చాడు. తర్వాత దెబుస్సీకి, మొజార్ట్‌కి వెళ్లాడు. 2020లో షూబర్ట్, బెర్గ్, లిస్ట్ ఒకే ఆల్బమ్‌లో. షోపాన్ రెండో కాన్చెర్టో 2021లో గానీ రాలేదు. 2023లో ఏకంగా హాండెల్.

ఈ విస్తారం ఎందుకు పనికొస్తుందో రెండు సందర్భాలు చెబుతాయి. 2017 నవంబరులో చైనా పియానిస్టు లాంగ్ లాంగ్ ఎడమచేతికి గాయమై తప్పుకుంటే, సైమన్ రాటిల్ నడిపే బెర్లిన్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో రావెల్ జి మేజర్ కాన్చెర్టోకు చోను పిలిచారు. రెండోది ఇంకా కఠినం. 2022 ఫిబ్రవరి 25, ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలైన మర్నాడు, న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో వియన్నా ఫిల్హార్మోనిక్ కచేరీ. పుతిన్ మద్దతుదారులైన రష్యన్ కండక్టర్ గెర్గియెవ్, పియానిస్టు మత్సుయెవ్ ఇద్దరినీ తప్పించారు. కండక్టర్‌గా యానిక్ నెజే-సెగాఁ వచ్చాడు. బెర్లిన్‌లో ఉన్న చో విమానమెక్కి కచేరీ రోజునే దిగి రఖ్మానినోవ్ రెండో కాన్చెర్టో కంఠతా వాయించాడు. ఆ రచన 2019 తర్వాత వాయించలేదు.

ఇందులో కష్టం వేళ్లది మాత్రమే కాదు. మొదట్లో పియానో ఒంటరిగా మోగించే కార్డ్‌లలో (ఒకేసారి కలిపి కొట్టే స్వరాల గుంపుల్లో) ఎడమచెయ్యి పదో స్వరం దాకా సాచాలి. అందనివాళ్లు కింది స్వరం ముందు కొట్టి మిగతావి విరిచి వాయిస్తారు. అది ఇంట్లో తేల్చుకునే సంగతి. రిహార్సల్ తక్కువైతే దెబ్బకొట్టేది ఆ తర్వాతది. పాట వయొలిన్‌లు, వయోలాలు, క్లారినెట్ తీసుకుంటాయి, పియానో కింద అలల్లా తిరుగుతూ వాటికి తోడుగా నడవాలి. వాళ్ల ఊపిరి ఎక్కడ ఆగుతుందో ముందే తెలియకపోతే పియానో ముందుకు జరిగిపోతుంది. రెండో భాగం మరీ చిక్కు. పియానో మొదలుపెట్టే చోట బార్‌కి పన్నెండు స్వరాలు. రాత ప్రకారం మూడేసి చొప్పున నాలుగు గుంపులు, చెవికి మాత్రం నాలుగేసి చొప్పున మూడు గుంపులు. మన లయ లెక్కలో చెప్పాలంటే తిశ్రం నడుస్తుంటే చతురశ్రంలా వినిపిస్తుంది. దాని మీద ఫ్లూట్, తర్వాత క్లారినెట్ ప్రవేశిస్తాయి. అవతలివాళ్లు చెవిని నమ్మి కండక్టర్‌ను చూడకపోతే ఒక బీట్ తేడా వచ్చేస్తుంది. ఇదంతా కొద్దిపాటి రిహార్సల్‌తో దాటాలంటే ఆ రచన ఏళ్ల క్రితమే ఒంట్లో ఇంకి ఉండాలి.

2024-25లో బెర్లిన్ ఫిల్హార్మోనిక్ అతన్ని రెసిడెంట్ ఆర్టిస్టుగా తీసుకుంది. రావెల్ పుట్టి 150 ఏళ్లయిన 2025లో రావెల్ సోలో పియానో రచనలన్నీ రికార్డుగా తెచ్చాడు, ఫిబ్రవరిలో కార్నెగీలో ఒకే సాయంత్రం రెండు విరామాలతో అన్నీ వాయించాడు. వాటిలో కష్టానికి పేరుపడ్డది 1908 నాటి 'గాస్పార్ ద లా న్యుయి'. దాని మూడో భాగం 'స్కార్బో' మొదట్లోనే 'డి-షార్ప్' ఒక్కటే స్వరం గుసగుసగా, అతి వేగంగా మళ్లీమళ్లీ మోగాలి. గ్రాండ్ పియానోలో మెట్టు పూర్తిగా పైకి రాకముందే సుత్తి మళ్లీ కొట్టగలదు. పియానోల తయారీ సంస్థ ఎరార్ 1821లో పేటెంట్ చేసిన ఏర్పాటు అది. నిలువు పియానోలో ఆ సౌకర్యం ఉండదు, మెట్టు దాదాపు పూర్తిగా లేవాలి, అందుకే ఇంట్లో ఇది వాయించేవాళ్లకు స్వరాలు రాలిపోతాయి. గ్రాండ్‌లో కూడా ఆ ఏర్పాటులోని స్ప్రింగ్ సరిగ్గా సర్ది లేకపోతే ఇదే జరుగుతుంది. మెల్లగా కొట్టినప్పుడు సమస్య ఇంకా ఎక్కువ, ఎందుకంటే సుత్తికి తిరిగి వచ్చే ఊపు తక్కువ. మధ్య భాగం 'ల జిబే'లో 'బి-ఫ్లాట్' గంటలా మొదటినుంచి చివరిదాకా ఆగకుండా మోగుతుంది. ఒక్కసారి బరువు మారినా వింటున్నవాళ్లకు తెలిసిపోతుంది.

వినాలనుకునేవాళ్లు 2015 వార్సా వీడియోలతో మొదలుపెట్టండి, షోపాన్ ఇన్‌స్టిట్యూట్ యూట్యూబ్ ఛానల్లో ఉచితంగా ఉన్నాయి. ముందు మూడో రౌండ్ ప్రెల్యూడ్‌లు, మధ్యలో ఆపకుండా. ఆ తర్వాత 2025 రావెల్ ఆల్బమ్‌లో 'స్కార్బో'. ఫోన్ స్పీకర్‌లో వద్దు, మొదటి స్వరాలు వినపడనే పడవు.