పాత ఫ్రెంచ్ గడ్డి కుర్చీ కొనేముందు

ఫ్రాన్స్‌లో 1950ల నాటి అల్లిక సీటు చెక్క కుర్చీ కనిపిస్తే ముందు తిరగేసి అడుగు చూడండి. జమ్ము లాంటి గడ్డితో పేనినదైతే అతుకుల ముడులు, పురి మందంలో హెచ్చుతగ్గులు కనిపిస్తాయి. మందం అంతటా ఒకేలా ఉండి, పురి విప్పితే పట్టీలా పరుచుకుంటే అది కాగితపు తాడు. అల్లే ముందు గడ్డిని నానబెట్టినట్టు దాన్ని నానబెట్టకూడదు.

మళ్లీ అల్లించేటప్పుడు అసలు పనితనమంతా ముందు మూలల్లోనే. ఈ సీట్లు సాధారణంగా ముందు వెడల్పు, వెనక ఇరుకు. ఆ తేడాను ముందు మూలల్లో అదనపు వరుసలతో పూడ్చాకే నాలుగు వైపులా చుట్టాలి, లేదంటే అల్లిక వంకరపోతుంది. పొరల మధ్య ఎండుగడ్డి బిగించి కూరకపోతే పురి ముందు కమ్మీకి ఒరుసుకుని తెగుతుంది.

హీటర్ పక్కన పెట్టొద్దు, గడ్డి పెళుసెక్కుతుంది. అప్పుడప్పుడు తడిగుడ్డతో తుడవండి. కాళ్లు ఊగితే మేకు కొట్టకండి, చెక్క చీలుతుంది. కీలు విప్పి, పాత జిగురు గీకి, మళ్లీ అతికించండి. పాత పాలిష్‌ను మాత్రం గీకేయకండి, నా దృష్టిలో దాని అందమంతా అదే.