మెదక్ చర్చిలో పిడికెడు బియ్యం

హైదరాబాద్ నుంచి నర్సాపూర్ అడవి మీదుగా మెదక్‌కు దాదాపు 100 కిలోమీటర్లు. ఆదివారం ఆరాధన అందుకోవాలని తెల్లవారుజామునే బయల్దేరాం. ఊళ్లోకి రాకముందే 175 అడుగుల గోపురం కనిపించింది. కారులో అందరం మాటలు ఆపి అటే చూశాం.

కరువు కాలంలో లేచిన గుడి ఇది. ఆకలితో ఉన్న జనానికి మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ పని చూపించి, ఆ పనికి తిండి పెట్టాడు. 1914లో మొదలైన కట్టడం 1924 క్రిస్మస్ రోజున ప్రారంభమైంది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. ఇంత పెద్ద గుడిని చూసి అబ్బురపడటం సహజమే. నాకు మాత్రం ఆ రాళ్లు మోసి సాయంత్రం పిల్లలకు అన్నం పెట్టుకున్న తల్లులే గుర్తొచ్చారు.

బలిపీఠం వెనుక రంగు అద్దాల్లో యేసు ఆరోహణం, అంటే ఆయన పరలోకానికి ఎక్కిపోయే దృశ్యం. ఎండ పడి రంగులు వెలుగుతున్నాయి. ప్రార్థన జరుగుతుండగానే కొందరు ఫోన్లు ఎత్తి ఫొటోలు తీశారు. బాధనిపించింది. అలాగని కళ్లు మూసుకున్న వాళ్లందరూ ఆరాధిస్తున్నట్టేనా? ఈ మధ్య మన సంఘాల్లో సౌండ్ బాక్సులు మోగి, కళ్లలో నీళ్లు తిరిగితేనే మంచి ఆరాధన జరిగిందంటున్నాం. ఆమోసు ప్రవక్త ద్వారా దేవుడు మీ పాటలు నాకొద్దు, న్యాయాన్ని నీళ్లలా పారనివ్వండి అన్నాడు. ఆ మాట నన్ను ఎప్పుడూ వదలదు.

కానుకల సమయంలో నా ముందు వరసలోని ఒక అవ్వ లేచింది. చేతిలో పాత గుడ్డసంచి, మూతికి ఎర్రదారం ముడి. పళ్లెంలో నోటు వేసి, సంచిని తీసుకెళ్లి ముందు పెట్టి వచ్చింది. పిడికెడు బియ్యం! వండేటప్పుడల్లా దేవుని పేరున ఒక పిడికెడు తీసిపెట్టే అలవాటు మన పల్లె సంఘాల్లో పాతదే. చిన్నప్పుడు మా ఇంట్లోనూ చూశాను. ఆదివారం గంటన్నరలో నేను చేసే ఆరాధనను ఆమె వారమంతా పొయ్యి దగ్గర చేస్తోంది. ఏ రోజూ ఎవరూ చూడరు. ఆ పిడికెడు తీయకపోయినా అడిగేవాళ్లు లేరు. ఏ చోట ఆరాధించాలన్న మాట ఎత్తిన సమరయ ప్రాంతపు స్త్రీతో యేసు ఈ కొండ మీదా కాదు, యెరూషలేములోనూ కాదు, ఆత్మతోను సత్యముతోను ఆరాధించాలని చెప్పింది ఇలాంటి వాళ్ల గురించేనని నాకు గట్టిగా అనిపించింది.

ఆరాధన అయ్యాక బయట చెట్టు కింద పలకరించాను. "అవ్వా, ఎప్పటి నుంచి తీస్తున్నవ్?"

"పెండ్లయినకాడి నుంచి, బిడ్డా."

"వానలు పడని ఏడు ఎట్ల?"

"అప్పుడు మా మనవరాలి చేత్తో తీయించిన. దానిది చిన్న పిడికిలి. ఆపుడైతే ఆపలే," అంది. రామాయంపేట బస్సుకు టైమైందని సంచి మడిచి చంకలో పెట్టుకుని గబగబా గేటు వైపు నడిచింది.