భోగి నాటికి ఆరిళ్ళమే మిగిలాం

జనవరి 14, బుధవారం.

పొద్దున నాలుగున్నరకే లేచాను. తలంటు కోసం కాదు, మోటారు కోసం. మా వాచ్‌మన్ కుటుంబం శుక్రవారం రాత్రే శ్రీకాకుళం రైలెక్కింది. వాళ్ళు పండక్కి ఊరెళ్ళి మూడేళ్ళయింది. ప్రతిసారీ మాలోనే ఎవరో ఒకరు "అందరం వెళ్ళిపోతే బిల్డింగ్ ఎవరు చూస్తారు" అని ఆపేసేవాళ్ళు. ఈసారి అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ అయి నెల కూడా కాలేదు, మేము ఎలాగూ ఊరికి కదలట్లేదు కాబట్టి మీటింగ్‌లో నేనే గట్టిగా చెప్పాను, వాళ్ళని పంపండి, ఈ వారం మేము చూసుకుంటాం అని. మూడేళ్ళుగా అమ్మానాన్నల దగ్గర పండగ చేసుకోని మనిషికి నాలుగు రోజులు సెలవివ్వడానికి అంత ఆలోచించడం నాకైతే బాధనిపించింది.

వనస్థలిపురంలో మాది పదిహేను ఫ్లాట్ల బిల్డింగ్. ఇవాళ్టికి తొమ్మిదింటికి తాళాలు. శుక్రవారం నుంచి హైవే మీద రాత్రీ పగలూ విజయవాడ వైపు కార్లే కార్లు, పంతంగి టోల్ గేటు దగ్గర ఇరుక్కున్నాం అని 302 వాళ్ళు పిల్లలతో ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టారు. ఇవాళ బాల్కనీలోకి వస్తే ఆ చప్పుడే లేదు. చలి, పొగమంచు, ఎక్కడో ఒక కుక్క అరుపు, అంతే.

కృష్ణా నీళ్ళు మాకు రోజు విడిచి రోజు, అదీ తెల్లవారుజామున గంటన్నర వస్తాయి. సంపు, అంటే కింద నేలలో ఉండే నీళ్ళ తొట్టి, దాని మూత తీసి చూడాలి, నిండిందనుకున్నాక వాల్వు తిప్పాలి, తర్వాత మోటారు వేసి పైన ట్యాంకు నింపాలి, పొంగకముందే ఆపాలి. వినడానికి ఇంతే. ఆ ఇనప మూత లేపేటప్పటికి నా నడుము పట్టేసింది. మా వాచ్‌మన్ దాన్ని ఒంటి చేత్తో లేపి, పని అయ్యాక మూసి, మీద ఒక ఇటుక కూడా పెడతాడు. ఆ ఇటుక ఎందుకో ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు.

ఐదున్నరకి పార్కు మూల భోగి మంట. మా కాలనీలో నల్గొండ, ఖమ్మం వాళ్ళూ, అటు కృష్ణా, గోదావరి వాళ్ళూ అందరం కలిసే ఉంటాం, భోగి మంటకి మాత్రం గోదావరి వాళ్ళ హడావుడి ఎక్కువ. పోయినేడు మంట సరిగ్గా కరెంటు తీగల కిందే వేశారు, పక్కన రెండు కార్లు కూడా. ఈసారి రిటైర్డ్ మాస్టారు ఒకాయన ముందు రోజే సున్నంతో గుండ్రంగా గీత గీసి, ఇక్కడే వెయ్యాలి అని చెప్పి, పక్కన ఇసుక బక్కెట్టు, నీళ్ళ డ్రమ్ము పెట్టించారు. ఎవరో కుర్రాడు పాత టైరు దొర్లించుకొచ్చాడు. మాస్టారు కసరలేదు. "ఇది కాలిస్తే ఆ పొగ ఇక్కడున్న ముసలాళ్ళు, చంటిపిల్లలు పీల్చాలి నాన్నా, పక్కన పెట్టు" అన్నారు. వాడు మారుమాట్లాడకుండా పక్కన పెట్టేశాడు. విరిగిన నులకమంచం కోళ్ళు, ఎండు కొబ్బరి మట్టలు, పిల్లలు గుచ్చి తెచ్చిన పిడకల దండలు, ఇవి చాలవా? మా వాడు కూడా దండ వేశాడు. పోయిన వారమే కోదాడ నుంచి తెప్పించాను ఆ పిడకలు.

ఆరున్నరకి జీహెచ్‌ఎంసీ ఊడ్చే ఆమె వచ్చింది. హయత్‌నగర్ అవతలి నుంచి వస్తుంది, తన ఇంటి ముందు మూడింటికే ముగ్గేసి వచ్చానంది. మంట ఆరిపోయింది కదా, బూడిద ఎత్తేస్తుందేమో అనుకున్నాను. ఆమె చీపురు పక్కన పెట్టి, పుల్లతో బూడిద కెలికి, లోపల ఎర్రగా ఉన్న నిప్పులు నాకు చూపించింది.

"గిది సల్లారినంకనే ఎత్తాలె అమ్మా. పోయినేడు ఒక కాడ గిట్లనే ఎత్తి ఆటోల పోసిన్రు, నడిమిట్ల చెత్త అంటుకున్నది. డ్రైవరు చూసుకోకపోతే బండి కాలిపోతుండె."

ఇద్దరం కలిసి డ్రమ్ములో నీళ్ళు నాలుగు బక్కెట్లు పోశాం. పోస్తే బుస్సుమని ఆవిరి. పైకి తెల్లగా, మెత్తగా కనపడే బూడిదలో అంత నిప్పు ఉంటుందని నాకు తట్టలేదు. రేపు చెత్త ఆటో రాదని, ఎల్లుండి వస్తుందని, అంతవరకు అరిటాకులూ చెరకు పిప్పీ తెచ్చి మూల మీద పారెయ్యొద్దని అందరికీ చెప్పమంది. చెప్పాను. పండగ పూట కూడా పొద్దున్నే మన వీధిలోకి వచ్చే మనిషి అడిగింది ఇదొక్కటే, ఆ మాత్రం చెయ్యలేమా. కాఫీ, రెండు అరిసెలు ఇచ్చాను. అరిసెలు పిల్లలకని కొంగున కట్టుకుంది, మళ్ళీ లోపలికి వెళ్ళి ఇంకో నాలుగు తెచ్చాను.

ఇంటికొచ్చి మా గుమ్మం ముందు ముగ్గు వేస్తుంటే ఒక విషయం కళ్ళబడింది. తాళం వేసిన ఫ్లాట్ల ముందు ముగ్గు లేదు. మామూలు రోజయితే తేడా తెలియదు. కానీ భోగి పొద్దున ముగ్గు లేని గుమ్మం అంటే ఇంట్లో మనుషులు లేరని ఎవరైనా ఇట్టే చెప్పేస్తారు, తాళం దాకా చూడక్కర్లేదు. పోలీసుల బండి పోయిన వారం మైకులో చెప్పుకుంటూ వెళ్ళింది, ఊరెళ్ళేవాళ్ళు స్టేషన్‌లో చెప్పి వెళ్ళండి, బంగారం ఇంట్లో ఉంచొద్దు, తాళం కనపడకుండా కర్టెన్ వెయ్యండి అని. ఎంతమంది చెప్పి వెళ్ళారో నాకు తెలుసు, ఇద్దరు. మిగతావాళ్ళకి గుమ్మం ముందు నాలుగు రోజుల పేపర్లు పడి ఉన్నాయి, పాలవాడు తెలియక వేసిన ప్యాకెట్ ఒకటి పగిలి గబ్బు కొడుతోంది.

అందుకని 101 వాళ్ళ అమ్మాయీ నేనూ ముగ్గు డబ్బా పట్టుకుని మేడ మీద నుంచి కిందకి బయల్దేరాం. తొమ్మిది గుమ్మాలూ తుడిచి, పేపర్లు తీసి, అయిదు చుక్కల చిన్న ముగ్గు ఒక్కోటి వేసుకుంటూ వచ్చాం. ఆ అమ్మాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, ముగ్గు పిండి వేళ్ళ మధ్య నుంచి జారడం రాదు, ఎక్కువ పడిపోయేది. 402 దగ్గరికి వచ్చేసరికి గీత సన్నగా పడింది. "ఆంటీ, వచ్చింది!" అని ఎగిరింది. సందుల్లో బంతిపూల రేకులు కూడా పెట్టింది. కింద నిలబడి పైకి చూస్తే బిల్డింగ్ నిండుగా మనుషులున్నట్టే ఉంది. చాలా సంతోషమేసింది నాకు.

మధ్యాహ్నం 202 ఆవిడ పరుగున వచ్చారు, బాత్‌రూమ్ పైకప్పు నుంచి ధారగా నీళ్ళు. పైన 302. నీళ్ళు రానప్పుడు కుళాయి తిప్పి చూసి, కట్టెయ్యడం మర్చిపోయి వెళ్ళుంటారు. తాళం చెవి ఎవరికీ ఇవ్వలేదు. ఫోన్ చేస్తే పాలకొల్లు అవతల ఎక్కడో సిగ్నల్ లేని చోట ఉన్నారు. చివరికి టెర్రస్ మీదకెళ్ళి, ట్యాంకు దగ్గర ఏ పైపు ఎవరిదో తెలియక నాలుగు వాల్వులు తిప్పి, ఒక్కోటి కట్టినప్పుడల్లా కింద నుంచి 202 ఆవిడ "ఇంకా పడుతోందండీ" అని అరుస్తుంటే, అయిదోది దొరికింది. పైపుల మీద పెయింటుతో నంబర్లు ఉంటే రెండు నిమిషాల పని. పండగ అయ్యాక మొదట అదే చేయించాలి. సాయంత్రం 302 అన్నయ్యగారు ఫోన్ చేసి పాపం చాలాసేపు బాధపడ్డారు. కట్టెయ్యడం మర్చిపోవడం ఎవరికైనా జరుగుతుంది, తాళం చెవి ఒకటి పక్కింట్లో ఇచ్చి వెళ్ళండి అన్నయ్యా అని మాత్రం చెప్పాను.

ఇప్పుడు రాయబోయేది ఇంకా చెయ్యి వణుకుతూనే రాస్తున్నాను.

నాలుగింటికి ఆయన భోగిపళ్ళ కోసం రేగిపళ్ళు తెస్తానని రైతు బజారుకి స్కూటర్ మీద వెళ్ళారు. తిరిగి వచ్చాక లోపలికి రాకుండా మెట్ల మీదే కూర్చున్నారు. మెడకి చుట్టుకున్న ఉన్ని మఫ్లర్ ఎడమ పక్కన బ్లేడుతో కోసినట్టు తెగి ఉంది. సర్వీస్ రోడ్డు మీద వస్తుంటే పతంగి దారం అడ్డంగా తగిలిందట, కనపడలేదట. మెల్లగా వస్తున్నారు కాబట్టి బ్రేకు పడింది. చలి కాబట్టి మఫ్లర్ ఉంది. లేకపోతే అనే మాట తర్వాత ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

ఆ దారం ముక్క అద్దానికి చుట్టుకుని వచ్చింది. తీసి చూశాను. లేత ఆకుపచ్చ, తల వెంట్రుక కంటే కాస్త లావు. మామూలు నూలు మాంజా అయితే గట్టిగా లాగితే తెగుతుంది. ఇది లాగితే సాగుతోంది, తెగట్లేదు, వేలికి రెండు చుట్లు చుట్టి లాగితే చర్మంలోకి దిగిపోయింది. నైలాన్ మీద గాజు పొడి. 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా దీన్ని నిషేధించింది. రెండేళ్ళ కింద, 2024లో, సరిగ్గా ఇలాంటి పండగ రోజుల్లోనే లంగర్‌హౌస్ దగ్గర బైకు మీద ఇంటికి వెళ్తున్న ఆర్మీ జవాను గొంతు తెగి చనిపోయాడు. పేపర్లో చదివి అయ్యో అనుకున్నాను. ఇవాళ అదే దారం నా చేతిలో ఉంది.

మఫ్లర్ పట్టుకుని నేరుగా టెర్రస్ ఎక్కాను. పక్క బిల్డింగ్ పిల్లలూ మా వాడూ కలిసి పతంగులు ఎగరేస్తున్నారు, "అఫా! అఫా!" అని గోల. కేకలెయ్యలేదు నేను. మఫ్లర్ విప్పి తెగిన చోట చూపించాను, ఎలా తెగిందో చెప్పాను. అందరూ వచ్చి ముట్టుకుని చూశారు. వాళ్ళలో పెద్దవాడు, పదమూడేళ్ళుంటాయి, కాసేపు ఏమీ అనలేదు. తర్వాత దారం చుట్టుకునే తన చరక్ తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇది గదే ఆంటీ. పేచీల తెగదని తీసుకున్న. పైసలు జమ చేసి కొన్న."

వాడి మీద కోపం రాలేదు. అమ్మినవాడి మీద వచ్చింది. ఎక్కడ కొన్నావు అంటే చెప్పాడు, మా ఆయనే ఫోటో తీసి 100కి ఫోన్ చేసి చెప్పారు. వాడికి నూలు మాంజా కొత్త చరక్ కొనిచ్చాం. ఆ పాత దారమంతా కత్తెరతో ముక్కలు ముక్కలు చేసి కవర్లో కట్టి పెట్టాను. ఊరికే పారేస్తే మళ్ళీ ఏ కొమ్మకో చుట్టుకుంటుంది, పావురాలు, గద్దలు పండగ అయిపోయాక కూడా దానికి చిక్కుకుని రెక్కలు తెగి వేలాడుతుంటాయి. పిల్లలకి ఒక పని చెప్పాను, రోడ్డు మీద, చెట్ల మీద అందినంత దారం ఏరి తెస్తే ఒక్కో ఉండకి ఒక చేగోడీల పొట్లం అని. కరెంటు తీగ మీద ఉన్నది మాత్రం ముట్టుకోకూడదు, నాకు చెప్పాలి, నేను కరెంటు వాళ్ళ 1912కి ఫోన్ చేస్తాను అని ఒట్టు వేయించుకున్నాను. చీకటి పడేలోపు పదకొండు ఉండలు వచ్చాయి! చేగోడీలు చాలక జంతికలు కూడా ఇచ్చాను.

ఏడింటికి 101 వాళ్ళ మనవడికి భోగిపళ్ళు పోశాం. ఏడాదిన్నర పిల్లాడు, పట్టు లాల్చీలో మూట కట్టినట్టున్నాడు. మిగిలిన ఆరిళ్ళ వాళ్ళమూ హాల్లో కింద కూర్చున్నాం. రేగిపళ్ళు, చెరకు ముక్కలు, బంతి రేకులు, నానబెట్టిన శనగలు, చిల్లర. అత్తయ్య కుర్చీలోంచే దోసిలితో తల చుట్టూ తిప్పి పోసింది. వాడు మొదట బిత్తరపోయి, తర్వాత ఒక్కొక్క రేగిపండూ పట్టుకుని వాళ్ళమ్మ నోట్లో పెట్టడం మొదలుపెట్టాడు. అయిపోగానే అత్తయ్య "పోసిన రూపాయి బిళ్ళలు పదహారు, లెక్క చూసి ఏరండర్రా, వాడు నోట్లో పెట్టుకుంటాడు" అంది. పదిహేనే దొరికాయి. సోఫా జరిపి, చాప దులిపి, పదహారోది వాడి లాల్చీ మడతలో దొరికేదాకా ఎవరం భోజనానికి లేవలేదు.

పదింటికి పడుకోబోతుంటే వాచ్‌మన్ ఫోన్. వెనకాల డప్పులు, పిల్లల కేకలు, వాళ్ళమ్మ మాటలు వినపడుతున్నాయి. ఇల్లంతా ఎలా ఉందో, వాళ్ళావిడ ఏం వండిందో అన్నీ చెప్పాడు. చివర్లో అడిగాడు.

"అమ్మా, సంపు మూత ఏసీసారా? ఇటక మరిసిపోకండమ్మా. పిల్లలు ఆడతారు అక్కడ."

వేశాను అనబోయి ఆగిపోయాను. మధ్యాహ్నం 202 గొడవలో, వాల్వు వెతుకుతూ, సంపులో నీళ్ళు ఎంతున్నాయో చూడ్డానికి మళ్ళీ మూత తీశాను. తర్వాత వేశానో లేదో గుర్తు లేదు. సాయంత్రం పిల్లలంతా దారాలు ఏరుకుంటూ ఆ చుట్టూనే పరిగెత్తారు.

టార్చి తీసుకుని చెప్పులు కూడా వేసుకోకుండా కిందకి వెళ్ళాను. మూత సగమే వేసి ఉంది. టార్చి వేస్తే లోపల నల్లగా నీళ్ళు, మీద ఒక బంతిపూల రేకు తేలుతోంది. ఆయన కూడా వచ్చారు, ఇద్దరం పట్టి లాగి మూత సరిగ్గా కూర్చోబెట్టాం. ఇటుక గోడ పక్కన పడి ఉంది. తెచ్చి మీద పెట్టాను.