మీ కమ్యూట్ ఎంత?

న్యూజెర్సీలో ఇద్దరు ఉద్యోగస్థులు కొత్తగా పరిచయమైతే, వాతావరణం గురించి రెండు ముక్కలు అయ్యాక వచ్చే ప్రశ్న ఇదే. జీతం అడగరు, వయసు అడగరు. కమ్యూట్ మాత్రం ఎవరు ఎవరినైనా అడగవచ్చు. ఇంటి నుంచి పనికి చేరడం గురించే ఆ ప్రశ్న. జవాబు మైళ్లలో ఉండదు, నిమిషాల్లో ఉంటుంది. 'ఇరవై' అన్నవాడిని అసూయగా చూస్తారు. 'గంటన్నర' అన్నవాడికి పరామర్శ దక్కుతుంది. అమెరికా జనగణన శాఖ కూడా ఈ నిమిషాలను లెక్కపెట్టి ప్రకటిస్తుంది. 2019లో దేశం మొత్తం మీద ఒకవైపు సగటు ప్రయాణం దాదాపు 28 నిమిషాలు. మా ఎడిసన్ చుట్టుపక్కల ఉంటూ మన్‌హట్టన్‌లో పని చేసేవాళ్లకు ఆ సమయంలో రైలు దారి మధ్యలోని నూవర్క్ దాటితే గొప్ప.

కమ్యూట్ అంటే ప్రయాణం అని నిఘంటువు చూసి సరిపెట్టుకుంటే కుదరదు. ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి, అదీ రోజూ జరిగే రాకపోకలకే ఆ మాట చెల్లుతుంది. అదే రైల్లో, అదే సీట్లో ఆదివారం పిల్లలను మ్యూజియంకు తీసుకెళ్తే అది కమ్యూట్ కాదు. మధ్యాహ్నం ఆఫీసు పని మీద మరో ఆఫీసుకు వెళ్లినా కాదు. ఈ తేడా పన్నుల శాఖకు బాగా తెలుసు. రెండు పనిచోట్ల మధ్య తిరగడం వ్యాపారపు ఖర్చు, ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లడం సొంత ఖర్చు, దానికి మినహాయింపు లేదు అంటుంది. అంత దూరాన ఇల్లు తీసుకోమని నీకు ఎవరు చెప్పారన్నది దాని వాదన. మళ్లీ అదే చట్టం రైలు టికెట్టుకు నెలకు కొంత మొత్తాన్ని జీతంలోంచి పన్ను పడకుండా పక్కన పెట్టుకోనిస్తుంది. 2025లో ఆ పరిమితి 325 డాలర్లు. ఒక చేత్తో కాదన్నది మరో చేత్తో ఇవ్వడం ప్రభుత్వాలన్నిటికీ ఉన్న అలవాటే.

మన దగ్గర ఈ పనికి కమ్యూట్ అనే మాట వాడినవాళ్లను నేను చూడలేదు. తెనాలి నుంచి విజయవాడకు రోజూ ఉద్యోగానికి వెళ్లి వచ్చేవాడిని 'అప్ అండ్ డౌన్ చేస్తున్నాడు' అంటాం. ఆ రెండూ రైల్వే మాటలే, పైకి వెళ్లే బండి, కిందికి వచ్చే బండి. కమ్యూట్ కూడా రైళ్ల దగ్గర పుట్టిందేనని ఇక్కడ ఆ రైలెక్కేవాళ్లలో చాలామందికి తెలియదు. 1840ల్లో అమెరికా రైలు కంపెనీలు రోజూ తిరిగేవాళ్ల కోసం ఒక టికెట్టు పెట్టాయి. రోజు రోజుకూ పూర్తి ఛార్జీ కట్టే బదులు ఒకేసారి ఒక మొత్తం కట్టేస్తే తగ్గింపు ఇచ్చేవారు. దాని పేరు కమ్యుటేషన్ టికెట్టు. అంటే చిల్లర చెల్లింపులను ఒక్క పెద్ద చెల్లింపుగా మార్చిన టికెట్టు. అది కొన్నవాడు కమ్యూటర్ అయ్యాడు, వాడు చేసే పని కమ్యూట్ అయింది. మొదట మారింది ఛార్జీయే, మనిషి కాదు. ఇంగ్లండులో అదే సరుకును సీజన్ టికెట్టు అన్నారు. మనకు వచ్చింది ఆ మాట. తెనాలి స్టేషన్లో ఇప్పటికీ 'సీజన్ ఉందా?' అనే అడుగుతారు.

కమ్యూట్ వెనకాల ఉన్న లాటిన్ క్రియకు అర్థం మార్చుకోవడం, ఒకదానికి బదులు మరొకటి ఇవ్వడం. ఆ పాత అర్థం చచ్చిపోలేదు, వేరే గదుల్లో బతుకుతోంది. రాష్ట్రపతి ఉరిశిక్షను యావజ్జీవంగా మారిస్తే ఇంగ్లీషులో కమ్యూట్ అనే అంటారు. మన రాజ్యాంగం 72వ అధికరణంలో ఉంది. 1836లో ఇంగ్లండు పార్లమెంటు చర్చికి రైతులు ధాన్యంగా, పశువులుగా ఇచ్చే పదో వంతును డబ్బు చెల్లింపుగా మార్చింది. ఆ చట్టం పేరులోనూ కమ్యుటేషన్ ఉంది.

ఇక మన ప్రభుత్వోద్యోగుల ఇళ్లలో ఈ మాట పిల్లలకు కూడా తెలుసు. మా నాన్నగారు హైస్కూలు ప్రధానోపాధ్యాయుడిగా రిటైరయ్యారు. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో ఫోనులో 'కమ్యూట్‌తోనే ప్రాణం పోతోంది నాన్నగారూ' అంటే, ఆయన కాసేపు ఆగి, 'కమ్యూట్ చేయడమేమిటిరా, నీకు అప్పుడే పింఛనా?' అన్నారు. ఆయనకు తెలిసిన కమ్యుటేషన్ ఒకటే: పింఛనులో 40 శాతం వరకు వదులుకుని, దానికి బదులు ఒకేసారి పెద్ద మొత్తం తీసుకోవడం. ఆ మొత్తం ఎంతో తేల్చడానికి వయసును బట్టి గుణకం ఉంటుంది. పదిహేనేళ్ల పాటు ప్రతి నెలా కోత పడుతుంది, ఆ తర్వాత పింఛను మళ్లీ పూర్తిగా వస్తుంది. అక్క పెళ్లి ఆ డబ్బుతోనే జరిగింది. నేను రైలు సంగతి వివరించాక, 'అయితే రెండూ ఒకటేరా, ముందుగా ఒకేసారి లెక్క తేల్చేసుకోవడమే' అన్నారు. ఇంగ్లీషు మాస్టారు కాదు, లెక్కల మాస్టారు. నాకు ఆ ముక్క ఇక్కడ ఎవరూ చెప్పలేదు.

ఇంకో చుట్టరికం ఉంది. లాటిన్ క్రియ మూలానికి, సంస్కృతంలో ఇచ్చిపుచ్చుకోవడమనే అర్థమున్న 'మే' ధాతువుకు భాషాశాస్త్రవేత్తలు ఒకే పూర్వీకుణ్ణి చూపిస్తారు. ఆ ధాతువు నుంచే వినిమయం వచ్చింది. కనుక మన వార్తాపత్రికల్లో కనిపించే 'వినిమయ రేటు'కూ, ఉదయం 7 గంటల రైల్లో నిలబడి వెళ్లే నా అవస్థకూ దూరపు బంధుత్వం ఉన్నట్టే.

వలస వచ్చినవాడికి మాత్రం ఈ క్రియ ముఖ్యంగా ఎదురయ్యేది వీసా కాగితాల్లో. హెచ్-1బి మీద పని చేసేవాడి ఉద్యోగం ఒక చిరునామాకు కట్టి ఉంటుంది. కంపెనీ కార్మిక శాఖకు దాఖలు చేసే పత్రంలో ఏ చోట పని, ఆ ప్రాంతంలో చెల్లే వేతనం ఎంత అన్నది ఉంటుంది. ఆ 'ప్రాంతం' అంటే ఏమిటో నిబంధన చెబుతుంది: పనిచోటుకు మామూలుగా కమ్యూట్ చేయగల దూరం. ఎన్ని మైళ్లో రాయలేదు. ఒకే మహానగర ప్రాంతంలో ఉంటే సరేనంటారు. పనిచోటు ఆ ప్రాంతం దాటిందంటే, మనిషి మారకముందే సవరణ దరఖాస్తు పడాలని 2015 ఏప్రిల్‌లో వలస శాఖ అప్పీళ్ల విభాగం ఒక కేసులో తేల్చింది. ఎడిసన్ ఉన్న మిడిల్‌సెక్స్ కౌంటీ న్యూయార్క్ మహానగర లెక్కలోకి వస్తుంది. ప్రిన్స్‌టన్ ఉన్న మెర్సర్ కౌంటీ వేరే లెక్క. అందుకే క్లయింటు ఆఫీసు మన్‌హట్టన్ నుంచి ఎడిసన్‌కు మారితే పెద్ద చిక్కు లేదు. ఎడిసన్‌కు మన్‌హట్టన్ కంటే దగ్గరలో ఉన్న ప్రిన్స్‌టన్‌కు మారితే ముందు లాయరుకు ఫోను చేయాలి. ఇక్కడ పుట్టినవాడికి కమ్యూట్ ఒక విసుగు. మనకు అది చట్టం గీసిన గీత కూడా.

రైల్లో చూస్తే ఇదంతా కనిపించదు. ఎడిసన్ దగ్గరి మెట్రోపార్క్ స్టేషన్లో ఎక్కగానే జనం ఫోను తెర మీద టికెట్టును మేల్కొలుపుతారు, రంగులు కదులుతుంటాయి. కండక్టరు ఒక్క చూపు చూసి, ఒక చీటీకి చిల్లు కొట్టి ముందు సీటు అంచున దోపి వెళ్తాడు. ఆ చీటీ ఉంటే నువ్వు నిద్రపోవచ్చు. లేకపోతే భుజం తట్టి లేపుతాడు. పాతవాళ్లకు ఏ తలుపు దగ్గర నిలబడితే న్యూయార్క్ పెన్ స్టేషన్లో మెట్ల ముందు దిగుతారో తెలుసు. మనవాళ్లు నలుగురైదుగురు ఒకే పెట్టెలో చేరతారు. మాట్లాడుకునేది ఎక్కువగా గ్రీన్ కార్డు తేదీల గురించే.

1973లో జాక్ నిల్స్ అనే ఆయన ఇంట్లో కూర్చుని దూరం నుంచి పని చేయడానికి టెలికమ్యూట్ అని పేరు పెట్టాడు. నాకది వింత మాటగానే తోస్తుంది, కదలనివాడికి కమ్యూట్ ఏమిటి? కోవిడ్ వచ్చాక ఆ వింతే అందరికీ అలవాటైంది. తర్వాత వారానికి రెండు రోజులు ఆఫీసుకు రమ్మన్నారు. అంతకు నెల పాస్ గిట్టదు. విడి టికెట్లు కొనుక్కుంటూ, తగ్గింపు ఏమీ లేకుండా, మేమంతా మమ్మల్ని కమ్యూటర్లమనే చెప్పుకున్నాం. 2024 జులైలో మా రైలు ఛార్జీలు 15 శాతం పెరిగాయి. ఈమధ్య మా ఆఫీసులో వారానికి నాలుగు రోజులు తప్పనిసరి చేశారు. లెక్క వేసి చూస్తే నెల పాస్ మళ్లీ గిట్టుబాటవుతోంది. ఆ సంగతి మధ్యాహ్నం భోజనాల దగ్గర చెబితే ఒక్కరూ సంతోషించలేదు.