వేడినీళ్లకు మాత్రమే తగ్గిన వాంతులు

వాంతులు తెల్లవారుజామున మొదలయ్యేవి. కడుపులో ఏమీ లేకపోయినా పసరు పడేదాకా ఆగేవి కావు. మొదట గ్యాస్ అన్నారు, తర్వాత అల్సర్ అన్నారు. ఎండోస్కోపీ చేశారు, స్కానింగ్ తీశారు, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. సెలైన్ ఎక్కించి ఇంటికి పంపేవారు. కొన్ని వారాలు కుదురుగా ఉండి మళ్లీ మొదటికి వచ్చేది. అప్పటికి నాకు 18 ఏళ్లు. ఒళ్లు సగమైపోయింది, చదువు అటకెక్కింది.

ఉపశమనం ఒక్క వేడినీళ్లతోనే. ఒళ్లు ఎర్రగా కందిపోయేంత వేడిగా పోసుకుంటుంటే వికారం అణిగేది. నీళ్లు చల్లబడగానే మళ్లీ తన్నుకొచ్చేది. రాత్రంతా నా మకాం స్నానాలగదిలోనే. తలుపు అవతల అమ్మ కూర్చుని ఉండేది.

అలాంటి ఒక రాత్రి అత్యవసర విభాగంలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ అడిగారు: "వేడినీళ్లు పోసుకుంటే తగ్గుతోందా?" అంతవరకు ఏ డాక్టరూ అడగని ప్రశ్న అది. తలూపాను. ఆమె అమ్మను కాసేపు బయట కూర్చోమని చెప్పి, తెర లాగి, గొంతు తగ్గించారు. "నువ్వు చెప్పేది నీ వైద్యం కోసమే. నీ అనుమతి లేకుండా ఇంట్లో చెప్పను. గంజాయి తాగుతున్నావా?"

చెప్పాను. 15 ఏళ్లకు మొదలైందనీ, కొంతకాలంగా రోజూ తాగుతున్నాననీ.

ఆ జబ్బును కన్నబినాయిడ్ హైపర్‌ఎమెసిస్ సిండ్రోమ్ అంటారట. 2004లో ఆస్ట్రేలియా వైద్యులు మొదటిసారి దాన్ని వివరించారు. ఏళ్ల తరబడి తరచుగా గంజాయి తాగినవాళ్లలో కొందరికి వస్తుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. గంజాయిలో మత్తు కలిగించే పదార్థమైన టీహెచ్‌సీని పోలిన మందులను క్యాన్సర్ చికిత్సలో వాంతులు తగ్గడానికి నిజంగానే ఇస్తారు. తోటివాళ్లు నాకు చెప్పింది ఆ సగం నిజమే. అందుకే వికారం వచ్చినప్పుడల్లా ఇంకాస్త తాగేవాళ్లం. కొలిచి ఇచ్చే మందు వేరు, రోజూ పీల్చే పొగ వేరు. ఎక్కువకాలం తాగితే కొందరిలో అదే తిరగబడి వాంతులు తెప్పిస్తుందని మాకెవరూ చెప్పలేదు.

ఆ రాత్రి పొట్టమీద క్యాప్సైసిన్ క్రీము రాశారు. మిరపకాయలో ఘాటు పుట్టించే పదార్థమే అది. మంట పుట్టింది, కాసేపటికి వికారం దిగింది. కానీ అసలు మందు మానేయడం ఒక్కటేనని ఆమె కచ్చితంగా చెప్పారు.

మానేసిన తొలి వారం నరకం. నిద్ర పట్టదు, పట్టినా భయంకరమైన కలలు. ముద్ద దిగదు. ఊరికే చిరాకు, చెమటలు. ఇవన్నీ రెండు మూడు వారాల్లో సద్దుమణుగుతాయని కౌన్సెలర్ ముందే చెప్పి ఉండకపోతే మళ్లీ పొగ దగ్గరికే పోయేదాన్ని. అమ్మకు నేనే చెప్పాను, డాక్టరమ్మను పక్కన కూర్చోబెట్టుకుని. వాంతులు పోయాయి, ఒళ్లు కోలుకుంది. చదివింది గుర్తుండటానికి మాత్రం ఇంకా చాలా కాలం పట్టింది.

బడిలో మాకు మత్తు గురించి ఉపన్యాసం ఇవ్వకపోలేదు. ఒక్క దమ్ము కొడితే పిచ్చెక్కుతుందన్నారు. తాగుతున్నవాళ్లు మా పక్క బెంచీలోనే మామూలుగా కూర్చుని ఉన్నారు. దాంతో ఆ తర్వాత చెప్పిన నిజాలు కూడా ఎవరి చెవికీ ఎక్కలేదు. పిల్లలకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మెదడు ఎదుగుదల సుమారు 25 ఏళ్ల దాకా సాగుతుంది. గంజాయి వాడేవారిలో సుమారు పది మందిలో ఒకరు దానికి బానిసవుతారని, టీనేజీలో మొదలుపెట్టినవాళ్లలో అది ఆరుగురిలో ఒకరని అంచనా. మనోవైకల్యాల ముప్పు అందరికీ ఒకేలా ఉండదు. కుటుంబంలో అలాంటి జబ్బులున్నవాళ్లకు మరీ ఎక్కువ.

ఇప్పుడు ఏ బడి వాళ్లయినా వచ్చి పిల్లలతో మాట్లాడమంటే ముందు ఒక మాట అడుగుతున్నాను: నా మాటలు విని ఎవరైనా తానూ తాగుతున్నానని చెబితే, ఆ పిల్లవాణ్ణి బడి నుంచి పంపేస్తారా, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారా? పంపేస్తామనే చోట నేను మాట్లాడను. అక్కడ నోరు విప్పమని పిల్లలకు ఏ ధైర్యంతో చెప్పను?