అరూషాలో కంది, ఇంట్లో కుడితి తొట్టి

సెలవుకి గుంటూరు వచ్చిన రెండో రోజే తాడికొండ వెళ్తే బాబాయ్ అడిగాడు, "ఏరా అబ్బాయ్, అంత దూరం పోయి నువ్వు చేసేది కంది సేద్యమేనా?" అని. "అదే బాబాయ్" అన్నాను. నేను టాంజానియాలో అరూషా దగ్గర ఒక పొలానికి సూపర్‌వైజర్‌ని. మొక్కజొన్నలో కంది కలిపి వేస్తాం, పక్కనే గుడ్ల కోళ్ల షెడ్డు, కొన్ని ఆవులు. మొక్కజొన్న కోసేశాక, వానలు ఆగిపోయాక కూడా కంది లోతు వేళ్లతో తేమ లాక్కుని కాపుకొస్తుంది.

మా చుట్టుపక్కల కంది వేసేది ఎక్కువగా మన దేశానికి అమ్మడానికే. 2017 ఆగస్టులో మన ప్రభుత్వం కందుల దిగుమతికి ఏడాదికి 2 లక్షల టన్నులే అని పరిమితి పెట్టేసరికి అక్కడ ధర పడిపోయింది, మా గోడౌన్లో బస్తాలు అలాగే ఉండిపోయాయి. సోయా చెక్క ఖర్చయినా తగ్గుతుందని కందులు పిండి పట్టించి దాణాలో కలిపాం. గుడ్లు తగ్గిపోయాయి, నాకు ఒకటే టెన్షన్. పచ్చి కందుల్లో ప్రోటీన్‌ని అరగనివ్వని పదార్థాలుంటాయి, వేడి చేస్తేనే పోతాయి. వేయించి, కొద్దిగా మాత్రమే కలిపాక షెడ్డు కోలుకుంది.

కానీ నా మనసుకి పట్టుకున్నది వేరే సంగతి. మధ్యాహ్నం ఆ షెడ్డు గోడ నీడలోనే మా పనివాళ్లు మొక్కజొన్న ఉగాలి ముద్ద, ఇంత ఆకుకూర పెట్టుకుని తింటున్నారు, లోపల కోళ్లేమో కందులు తింటున్నాయి! కిలో గుడ్లు రావాలంటే రెండు కిలోలకి పైనే దాణా పోవాలి. ప్రోటీన్‌లో ఉండే లైసిన్ అనే పోషకం మొక్కజొన్నలో తక్కువ, కందిపప్పులో బాగా ఉంటుంది, ఆ రెండూ ఒక కంచంలో పడితే చాలావరకు సరిపోతుంది. ఓనరుతో గట్టిగా మాట్లాడి మెస్సులో ఉల్లిపాయ, టమాటా వేసి పప్పు వండించాను. చిట్లిన గుడ్లు కూడా అక్కడికే పంపించాం, ఎందుకంటే బి12 విటమిన్ పప్పులో దొరకదు, గుడ్డో పాలో ఉండాల్సిందే. పొట్టు, ఎండుటాకు ఆవులకి. పేడ చేలోకి.

ఇదంతా నేను అక్కడ కొత్తగా నేర్చుకున్నదేం కాదు. అమ్మ తిరగలి దగ్గర కూర్చుని కందులు విసిరి చేటలో చెరిగితే పప్పు మాకు, పొట్టూ నూకా కుడితి తొట్టిలోకి, మేం బడి నుంచి వచ్చేసరికి గేదె మూతికి ఆ పొట్టు అంటుకునే ఉండేది.

బాబాయ్ తొట్టిలో ఇప్పుడు డ్రిప్ పైపులున్నాయి. పొలమంతా మిర్చి, ఇంట్లో ప్యాకెట్ పాలు, కందిపప్పు కొట్లో కొనుక్కోవడం. ఎల్‌ఆర్‌జి 41 అనే కంది రకం పుట్టిన లాం ఫారం, అదే వ్యవసాయ పరిశోధన కేంద్రం, ఇక్కడికి కూతవేటు దూరం. రేపు ఇద్దరం వెళ్లి విత్తనాలు అడుగుతాం. గట్ల వెంట రెండు సాళ్లు వేస్తానన్నాడు. గేదె మాట మాత్రం పిన్ని తేల్చాలి, పాలు పిండాల్సింది ఆవిడే కదా.